మన పిల్లవాడు పైలటు కావలెనంటే

ఈ శీర్షిక క్రింద నెలకొక్క వృత్తిని గురించి మాకు తెలిసినంతలో వ్రాస్తూ వస్తున్నాము. ఉపాధ్యాయ శిక్షణను గురించి, నర్సు చదువును గురించి, బ్యాంకు పరీక్షలను గురించి వ్రాసినప్పుడు చదువరులు చదివి ఊరకున్నారు. విమానము నడిపే పనిని గురించి ఇంకా వ్రాయలేదేమని మాత్రము ఈ మూడు నెలలలో నలుగురు తల్లిదండ్రులు అడిగినారు. వారిలో ఒక పెద్దమనిషి కర్మాగారములో ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారు. కొడుకు పి.యు.సి. రెండవ సంవత్సరము చదువుతున్నాడు. "వానికి విమానము తప్ప వేరే ధ్యాస లేదండీ. ఒక కంపెనీవారు ఈ నెలాఖరులోగా రెండు లక్షలు అడ్వాన్సు కడితే సీటు ఖాయమంటున్నారు. ప్రావిడెంటు ఫండు ఉన్నది, ఒక సైటు ఉన్నది. కట్టమంటారా?" అని అడిగినారు.

కట్టండి అని గాని, వద్దు అని గాని ఒక్క మాటలో చెప్పదగిన ప్రశ్న కాదిది. అయితే ఒక్క సంగతి మాత్రము ధైర్యముగా చెప్పగలము. ఈ వృత్తిలో చేరగోరేవారు చేయవలసిన పనులు చాలా ఉన్నవి. వానిలో కొన్ని వేల రూపాయలతో తేలిపోయేవి, కొన్ని లక్షలు పోస్తే గాని తేలనివి. వేలతో తేలే పనులు ముందు చేసుకొని లక్షల పనిని చివరకు పెట్టుకొన్నవారు, ఒకవేళ వెనుదిరుగవలసి వచ్చినా ఇల్లు నిలుపుకొంటారు. లక్షలు ముందు కట్టి తక్కినవి తరువాత చూచుకొందామనుకొన్నవారే చిక్కులలో పడుతున్నారు. ఈ నెల వ్యాసమంతా ఆ వరుసను గురించినదే.

మన ఊరు ఎరిగిన బాధ్యత

విమానము మన ఊరికి దూరపు సంగతే గాని అటువంటి బాధ్యత మన ఊరికి కొత్త కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడక ముందు నుండి ఇక్కడ కాపురమున్న కుటుంబములకు వైండింగు ఇంజను డ్రైవరు అంటే ఎవరో చెప్పనక్కర లేదు. షాఫ్టు పక్కన ఇంజను గదిలో కూర్చొని, కేజిలో నిలుచున్న మనుషులను భూమిలోనికి దించేదీ, షిఫ్టు ముగిసిన తరువాత పైకి తెచ్చేదీ ఆయనే. చాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. కేజిలోని మనుషులు ఆయన కంటికి కనబడరు. గంట సంకేతము వినవలెను, లోతు చూపే ముల్లును చూడవలెను, చేయి లివరు మీద ఉండవలెను. అందుకే ఆ గదిలో కూర్చోవడానికి ఒంట్లో బలము, బుర్రలో తెలివి ఉంటే చాలదు. గనుల భద్రతా శాఖవారి పరీక్షలో నెగ్గి సర్టిఫికెట్టు పుచ్చుకోవలెను, వైద్య పరీక్షకు నిలువవలెను.

పైలటు పని సరిగా ఆ జాతికి చెందినదే. మేఘములో దూరిన తరువాత పైలటుకు నేల కనబడదు, ఆకాశము కనబడదు. విమానము ఒక పక్కకు ఒరిగినదని శరీరమునకు తోచవచ్చును, నిజానికి అది సమముగా పోతూ ఉండవచ్చును. తోచినదానిని నమ్మక ముల్లు చూపినదానిని నమ్మేటట్లు మనసును అలవాటు చేయుటే శిక్షణలో పెద్ద భాగము. వెనుక కూర్చున్న నూట ఎనభై మంది ఆయన ముఖము కూడా చూడరు. కనుక పైలటు లైసెన్సును డిగ్రీవలె తలచరాదు. డిగ్రీ ఒకసారి చేతికి వస్తే చివరిదాకా మనదే. లైసెన్సు మాత్రము ఆరోగ్యము, అభ్యాసము, పరీక్ష అనే మూడు కాళ్ళు నిలిచినంత కాలమే నిలుస్తుంది.

కొంచెము పూర్వకథ

మన దేశములో తొలి పైలటు లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటాగారికి దక్కినది. 1932 అక్టోబరు 15న ఆయనే కరాచీ నుండి బొంబాయికి టపా విమానము నడిపినారు. తెలుగు నేలకు వస్తే, 1945లో నిజాము ప్రభుత్వ రైల్వేవారు, టాటాలు కలిసి హైదరాబాదులో డెక్కను ఎయిర్‌వేస్ అనే కంపెనీని నెలకొల్పినారు. బేగంపేట దాని కేంద్రము. ప్రేమ్ మాథుర్ అనే యువతి 1947లో పైలటు లైసెన్సు సంపాదించి ఎన్నో విమాన కంపెనీలకు దరఖాస్తులు పెట్టుకొన్నది. ఆడపిల్ల నడిపే విమానమును ప్రయాణికులు ఎక్కరని అందరును తిప్పివేసినారు. చివరకు ఆమెకు పని ఇచ్చినది హైదరాబాదులోని ఆ డెక్కను ఎయిర్‌వేసే. 1953లో ఆ కంపెనీ తక్కిన వానితోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయినది.

మన మైసూరు రాజ్యములో 1949లో బెంగుళూరు పక్కనున్న జక్కూరులో ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల ఏర్పడినది. అక్కడ తొలినాళ్ళలో చదివి పైలటు అయినవారిలో ఉషా సుందరం ఒకరు. ఆ పాఠశాల నేటికీ మనకు దగ్గరి పాఠశాలే. హైదరాబాదులో బేగంపేట పాత విమానాశ్రయమున తెలంగాణ రాష్ట్ర విమానయాన అకాడమీ ఉన్నది. కేంద్ర ప్రభుత్వమువారిది ఉత్తర ప్రదేశములోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. అందులో చేరుటకు దేశమంతటికీ కలిపి ప్రవేశ పరీక్ష పెడతారు. ఇంగ్లీషు, గణితము, భౌతికశాస్త్రము, లోకజ్ఞానము అడుగుతారు.

మొదటి మెట్టు: పి.యు.సి.లో ఏమి చదివినాడు

విమాన కంపెనీలో పనిచేయుటకు కావలసినది కమర్షియల్ పైలటు లైసెన్సు. దానిని ఇచ్చేవారు ఢిల్లీలోని పౌర విమానయాన డైరెక్టరు జనరల్ కార్యాలయమువారు, డి.జి.సి.ఏ. అని వాడుక. వారు కోరే చదువు పి.యు.సి.లో గాని ఇంటరులో గాని భౌతికశాస్త్రము, గణితము ఉండి ఉత్తీర్ణులై ఉండుట. డిగ్రీ అక్కరలేదు. వెనుకటి రోజులలో, అంటే 1990ల నడుమ వరకు, పదవ తరగతితోనే ఈ శిక్షణలో చేరేవారు. సైన్సు చదువని వారికి కూడా ద్వారము తెరువవలెనని 2025లో ఆలోచన సాగినది. కనుక చేరే నాటికి నియమము ఏ రీతిగా ఉన్నదో డి.జి.సి.ఏ. ప్రకటనలోనే చూచుకోవలెను, ఏజెంటు మాట విని కాదు.

కామర్సు చదివిన పిల్లలు నిరాశపడనక్కర లేదు. జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారా ఈ రెండు సబ్జెక్టులు మాత్రము వ్రాసి నెగ్గినవారు చాలామంది ఉన్నారు. మార్కుల జాబితాను బోర్డువారు సరిచూచి నిజమైనదే అని వ్రాసి ఇవ్వవలెను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ పదవ తరగతి పత్రములో ఒక రీతిగా, ఆధారు కార్డులో ఒక రీతిగా ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మన తెలుగు ఇండ్లలో ఇంటిపేరు ఒక పత్రములో ముందూ, ఒక పత్రములో వెనుకా, ఒక పత్రములో ఒంటి అక్షరముగా ఉండుట సర్వసాధారణము. గుమాస్తా పనిలో ఏండ్లు గడిపిన మాకు ఈ ఒక్క అక్షరము ఎన్ని ఫైళ్ళను నిలిపివేయునో బాగా తెలుసు.

వయసు సంగతి: విద్యార్థి పైలటు లైసెన్సుకు 16 ఏండ్లు నిండవలెను, కమర్షియల్ లైసెన్సుకు 18.

రెండవ మెట్టు: వైద్య పరీక్ష

ఇదే ఈ వ్యాసములో ముఖ్యమైన భాగమని మా మనవి. డబ్బు కట్టిన తరువాత వైద్య పరీక్షకు పంపే పద్ధతి చాలా చోట్ల ఉన్నది. దానిని తలక్రిందులు చేసుకోండి.

వైద్య పరీక్షలు రెండు తరగతులు. మొదట రెండవ తరగతి పరీక్ష, డి.జి.సి.ఏ. జాబితాలో ఉన్న డాక్టరు ఎవరైనా చేస్తారు, బెంగుళూరులో అటువంటి డాక్టర్లు ఉన్నారు. అందులో నిలిచిన తరువాత మొదటి తరగతి పరీక్ష. కమర్షియల్ లైసెన్సుకు ఈ మొదటి తరగతి తప్పనిసరి. అది ఏ డాక్టరు పడితే ఆ డాక్టరు చేసేది కాదు. వైమానిక దళపు కేంద్రములలోనూ, ఆమోదము పొందిన ఇతర కేంద్రములలోనూ మాత్రమే చేస్తారు. ఆ కేంద్రములలో పేరెన్నికగన్నది మన బెంగుళూరులోనే ఉన్నది. 1957లో నెలకొల్పిన ఏరోస్పేస్ వైద్య సంస్థ అది. ఎక్కడెక్కడి నుండో పిల్లలు రైలెక్కి అక్కడికి వస్తారు. మనకు మారికుప్పములో ఉదయపు బండి ఎక్కితే చాలు.

కండ్లు, చెవులు, గుండె, రక్తము, ఊపిరితిత్తులు, మెదడు తరంగములు అన్నీ చూస్తారు. కండ్లజోడు ఉంటే పైలటు కాలేరన్నది పాత అపోహ. జోడుతో చూపు సరిగా దిద్దుకొంటే, సంఖ్య హద్దులలో ఉంటే అడ్డు లేదు. అయితే రంగులు గుర్తించు శక్తి వేరే సంగతి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని లోపము కొందరు మగపిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది. వారికి గాని ఇంట్లోవారికి గాని ఆ సంగతి ఏండ్ల తరబడి తెలియదు. దానికి మందు లేదు. రన్‌వే దీపములు, తోటి విమానముల దీపములు, పలకపైని హెచ్చరిక దీపములు అన్నీ రంగులతోనే మాట్లాడుతాయి. కనుక ఆ లోపము గట్టిగా ఉన్న పిల్లవానికి ఈ తలుపు మూసుకొనిపోయినట్లే. ఫిట్సు వచ్చిన చరిత్ర, కొన్ని గుండె జబ్బులు కూడా అటువంటివే. ఈ సంగతులు కొన్ని వేల రూపాయల ఖర్చుతో ముందే తెలిసిపోతాయి. సగము ఫీజు కట్టిన తరువాత తెలిస్తే ఆ ఇంటి బాధ చెప్పనలవి కాదు.

తాత్కాలికముగా పనికిరాడని వ్రాస్తే బెంబేలు పడరాదు. బరువు ఎక్కువ, రక్తము తక్కువ వంటివి కొన్ని నెలలలో సరిచేసుకొని మరల వెళ్ళవచ్చును. ఉన్న జబ్బును దాచిపెట్టి వెళ్ళుట మాత్రము పనికిరాదు. ఈ పరీక్ష ఉద్యోగమున్నంత కాలము తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. వయసు మీరిన కొలదీ ఇంకా తరచుగా వస్తుంది. ఏ నాడైనా నిలువకపోతే ఆ నాటితో విమానము దిగవలసినదే.

మూడవ మెట్టు: పేపర్లు, ఇంగ్లీషు

వ్రాత పరీక్షలు డి.జి.సి.ఏ.వారే పెడతారు. వాయుమార్గ నిర్ణయము, వాతావరణ శాస్త్రము, విమానయాన నియమములు, విమాన యంత్ర విజ్ఞానము సామాన్యముగా ఒకటి, తాను నడిపే విమానమును గురించి ప్రత్యేకముగా ఒకటి. నూటికి 70 మార్కులు రావలెను. ముప్పది అయిదుతో గట్టెక్కే పరీక్షలకు అలవాటు పడిన పిల్లలకు ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది.

మంచి సంగతి ఏమంటే, ఈ పేపర్లలో చాలావాటిని విమానము ఎక్కకముందే ఇంట్లో కూర్చొని చదివి వ్రాయవచ్చును. పుస్తకములు కొనుటకూ, ట్యూషనుకూ అయ్యే ఖర్చు ఎగిరే ఖర్చులో ఏపాటిది? గాలి ఎటు వీస్తే ఎంత దారి తప్పుతాము, ఉరుముల మేఘము ఎట్లా కడుతుంది, ఎత్తు పోయిన కొలదీ గాలి ఎట్లా పలచబడుతుంది అనే లెక్కలలో పిల్లవానికి నిజముగా రుచి ఉన్నదో, లేక యూనిఫారము మీదనే మోజో ఈ చదువులో తేలిపోతుంది. పేపర్లకు గడువు కాలము ఉన్నది గనుక నెగ్గిన తరువాత మరీ ఆలస్యము చేయరాదు.

రేడియోలో మాట్లాడుటకు వేరే సర్టిఫికెట్టు కావలెను. పూర్వము దానిని టెలికాం శాఖవారు ఇచ్చేవారు. 2024లో వచ్చిన కొత్త విమానయాన చట్టముతో ఆ అధికారము విమానయాన శాఖవైపు మారినది. దీనితోపాటు ఇంగ్లీషు పరీక్ష. అంతర్జాతీయ కొలతలో ఆరు మెట్లు; కనీసము నాలుగవ మెట్టు అందుకోవలెను. ఈ నియమము ఊరకే పుట్టినది కాదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీపైన రెండు విమానములు ఆకాశములో ఢీకొని 349 మంది పోయినారు. ఒక విమానపు సిబ్బంది తమకు చెప్పిన ఎత్తుకు దిగువకు వచ్చివేసినారు. వారికి ఇంగ్లీషు చాలకపోవుటయు కారణములలో ఒకటని విచారణలో తేలినది.

తెలుగు మీడియములోనో కన్నడ మీడియములోనో చదివిన మన పిల్లలు ఇది విని జంకనక్కర లేదు. పఠాన్‌కోటలో పుట్టి విజయవాడలో పెరిగిన అనీ దివ్య 17వ ఏట ఫుర్సత్‌గంజ్ అకాడమీలో చేరినప్పుడు ఇంగ్లీషులో మాట్లాడుటకు తడబడి తోటివారి చేత నవ్వించుకొన్నది. ఆమె తండ్రి సైన్యములో పనిచేసినవారు. అప్పు చేసి చదివించినారు. 19వ ఏట శిక్షణ ముగించి ఎయిరిండియాలో చేరినది. 2017లో 30 ఏండ్ల వయసున బోయింగు 777 వంటి మహా విమానమునకు కమాండరు అయినది. ఆ విమానమునకు కమాండర్లయిన స్త్రీలలో ప్రపంచము మొత్తము మీద అంత చిన్న వయసువారు అప్పటికి లేరని పేరు వచ్చినది. రేడియో భాషలో వాడే మాటలు కొద్ది. వానిని స్పష్టముగా పలికి, విన్నది విన్నట్లు తిరిగి చెప్పగలిగితే చాలును. నవలా పాండిత్యము అక్కరలేదు.

నాలుగవ మెట్టు: ఎగిరే గంటలు

ఇక లక్షల పని ఇక్కడ మొదలవుతుంది. కమర్షియల్ లైసెన్సుకు మొత్తము 200 గంటలు ఎగిరి ఉండవలెను. అందులో 100 గంటలు తానే బాధ్యుడై నడిపినవి కావలెను. ఒక ఊరి నుండి ఇంకొక ఊరికి దారి లెక్కగట్టుకొని తానే నడిపినవి 20 గంటలు. వానిలో ఒక ప్రయాణము 300 నాటికల్ మైళ్ళకు తక్కువ కాకుండా, దారిలో వేరు వేరు రెండు విమానాశ్రయములలో దిగుతూ సాగవలెను. 300 నాటికల్ మైళ్ళంటే సుమారు 555 కిలోమీటర్లు. బెంగుళూరు నుండి హైదరాబాదుకు గల గాలిదూరము కంటె ఎక్కువే. కేవలము ముల్లులను చూచి నడిపినవి 10 గంటలు, రాత్రివేళ నడిపినవి 5 గంటలు.

మొదట ఇద్దరు ముగ్గురు పట్టే చిన్న సెస్నా వంటి విమానములో గురువు పక్కన కూర్చుంటాడు. పైకి లేచి, నాలుగు మూలలు తిరిగి, మరల అదే పట్టీమీద దిగుట అనే ఒక్క పనిని పదే పదే చేయిస్తాడు. ఒక ఉదయము గురువు చడీచప్పుడు లేకుండా తలుపు తీసుకొని దిగిపోయి, ‘ఈసారి నీవే పోయి రా’ అంటాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉన్న ఆ అయిదారు నిమిషములను ఏ పైలటూ జీవితములో మరువడని చెప్పుతారు. ప్రతి గంటనూ లాగ్ బుక్కులో వ్రాసుకోవలెను. ఆ పుస్తకమే పైలటుకు కుండలి, జాతకము అన్నీ.

200 గంటలు అనగానే ఏడాదిలో అయిపోవునని లెక్క వేస్తారు. ఏడాదిన్నరలో ముగిస్తామని కరపత్రములో వ్రాసి మూడేండ్లు లాగిన బళ్ళు లేకపోలేదు. వాన, మంచు, పొగ ఉంటే ఎగురుట లేదు. విమానము మరమ్మత్తులో ఉంటే లేదు. గురువు మానివేస్తే లేదు. అంతకాలమూ హాస్టలు ఖర్చు మాత్రము ఆగదు. కనుక చేరే ముందు తండ్రి స్వయముగా పోయి మూడు ప్రశ్నలు అడుగవలెను. ఎగిరే స్థితిలో ఉన్న విమానములు ఎన్ని, విద్యార్థులు ఎంతమంది? పోయిన సంవత్సరము ఎంతమంది 200 గంటలు ముగించినారు? ఫీజు ఎగిరిన గంటల ప్రకారము విడతలుగా పుచ్చుకొంటారా, అంతా ముందే కట్టవలెనా? ఆఫీసులోని పెద్దలను అడిగితే చాలదు, షెడ్డు దగ్గర నిలుచున్న విద్యార్థులను అడుగవలెను. శిక్షణ సంస్థలకు శ్రేణులు కట్టి ప్రకటించుట 2025లో డి.జి.సి.ఏ.వారు మొదలుపెట్టినారు, అదియు చూచుకోదగినది.

అమెరికా, దక్షిణాఫ్రికా వంటి దేశములలో గంటలు త్వరగా పూర్తి అవుతాయని పంపేవారు ఉన్నారు. వాతావరణము, విమానములు అనుకూలించి త్వరగా ముగియుట నిజమే. కాని తిరిగి వచ్చిన తరువాత మన దేశపు పేపర్లు నెగ్గి లైసెన్సును ఇక్కడికి మార్చుకోవలెనన్న సంగతి మరువరాదు.

ఇంకొక మాట. ఎగురని గంటలను ఎగిరినట్లు వ్రాసి ఇస్తామనేవారు కనబడితే ఆ గడప దిగివేయండి. 2011లో దొంగ మార్కుల పత్రములతో లైసెన్సులు పొందిన పైలట్లు కొందరు పట్టుబడి అరెస్టయినారు; ఎగురని గంటలు వ్రాసిన సంగతులూ ఆ సంవత్సరమే బయటపడినవి. ఉద్యోగము, పరువు, పోసిన డబ్బు మూడును పోయినవి. అంతకంటె, లెక్కలో ఉండి చేతిలో లేని ఆ గంటలు ఒక గాలివాన రాత్రి ఎవరి ప్రాణము మీదకు వస్తవో ఎవరు చెప్పగలరు?

లైసెన్సు వచ్చిన తరువాత

చాలామంది ఇక్కడితో కథ ముగిసినదనుకొంటారు. లైసెన్సు చిన్న విమానము మీద వచ్చినది. కంపెనీలో నడుపవలసినది ఎయిర్‌బస్ 320, బోయింగు 737, ఏ.టి.ఆర్. వంటి విమానములు. ఒక్కొక్క రకమునకు వేరుగా శిక్షణ పొందవలెను; దీనిని టైపు రేటింగు అంటారు. నేలమీదనే ఉండి అచ్చముగా విమానమువలె కదిలే సిమ్యులేటరులో ఇంజను ఆగుట, పొగ వచ్చుట వంటి ఆపదలన్నీ చూపించి నేర్పుతారు. ఆ తరువాత కంపెనీ పరీక్ష, ఇంటర్వ్యూ. నెగ్గితే కోపైలటు, భుజముపై మూడు చారలు. 21 ఏండ్లు నిండి, 1500 గంటలు ఎగిరి, పై పరీక్షలు నెగ్గితే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్టు లైసెన్సు వస్తుంది. అది ఉంటేనే కెప్టెను కావడానికి అర్హత. కెప్టెను అయిన తరువాత కూడా ఏటా సిమ్యులేటరులో పరీక్షకు కూర్చోవలసినదే. 65 ఏండ్లకు విరమణ.

ఖర్చు విషయము దాచక చెప్పవలెను. లైసెన్సు దాకా బడిని బట్టి కొంచెము అటుఇటుగా అర కోటి రూపాయలు. టైపు రేటింగుకు ఇంకొక 15, 20 లక్షలు. విమాన కంపెనీలే పిల్లలను ఎంచుకొని మొదటి నుండి చివరిదాకా శిక్షణ ఇప్పించే పథకములు ఉన్నవి. వానిలో ఉద్యోగపు ఆశ ఎక్కువ, ఖర్చు కోటి దాటుట కద్దు. మన గోల్డు ఫీల్డ్సు ఇండ్లలో ఈ సొమ్ము పెట్టెలో ఉండేది కాదు. ప్రావిడెంటు ఫండు, పొలము, తల్లి మెడలోనివి, చెల్లెలి పెండ్లికని దాచినవి ఇవన్నీ కలిస్తే గాని కాదు.

మరి ఉద్యోగము? 2023లో ఎయిరిండియావారు 470 విమానములకు, ఇండిగోవారు 500 విమానములకు ఆర్డర్లు ఇచ్చినారు. ఇవన్నీ వచ్చిన కొలదీ పైలట్లు కావలసి వచ్చుట నిజము. అదే పత్రికల వెనుక పుటలు తిరగవేస్తే 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయిన వార్తలూ కనబడుతాయి. 2020లో కరోనా నాడు ప్రపంచములోని విమానములలో చాలాభాగము నేలపట్టున నిలిచినవి. లైసెన్సు చేతిలో పట్టుకొని రెండేండ్లు, మూడేండ్లు ఉద్యోగము కోసము తిరిగిన పిల్లలు ఉన్నారు. అంతకాలమూ అప్పు వడ్డీ నిద్రపోదు. ఎగురక కూర్చొంటే అభ్యాసమూ తుప్పు పడుతుంది. పొలము అమ్మేవారు ఈ రెండేండ్లను కూడా లెక్కలో వేసుకొని అమ్మవలెను. కాలము కలిసి వచ్చినవారు కెప్టెను అయిన తరువాత పోసిన సొమ్మును రాబట్టుకొన్న మాటా నిజమే. రెండు పుటలూ చదివి నిర్ణయించుకొనుట పెద్దల పని.

డబ్బు లేని ఇంటికి దారి లేదా అంటే ఉన్నది. పి.యు.సి.లో భౌతికశాస్త్రము, గణితము చదివినవారు నేషనల్ డిఫెన్సు అకాడమీ పరీక్ష వ్రాసి వైమానిక దళములో చేరవచ్చును. 2022 నుండి ఆడపిల్లలకూ ఆ అకాడమీలో ప్రవేశము ఉన్నది. శిక్షణ ఖర్చు ప్రభుత్వమువారిదే. హైదరాబాదు పక్కన దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీలో ఎగురుట నేర్పుతారు. అయితే అది దేశసేవకు ఒప్పుకొన్నవారి దారి, విమాన కంపెనీకి దొడ్డిదారి కాదు. పౌర శిక్షణలో చేరేవారు ప్రభుత్వ సహాయములు, బ్యాంకు విద్యా ఋణములు తమకు వర్తించునేమో సాంఘిక సంక్షేమ కార్యాలయములో, బ్యాంకులో విచారించి, జవాబును కాగితము మీద తీసుకోండి.

వైద్య పరీక్షలో నిలువని పిల్లలకు కూడా విమానాశ్రయపు గేటు మూసుకోలేదు. విమానములకు మరమ్మత్తు చేసే ఇంజనీరు చదువు ఉన్నది. సైన్సు డిగ్రీ లేక ఇంజనీరింగు చదివినవారికి వాయు రాకపోకలను నియంత్రించే ఉద్యోగము ఉన్నది. రేడియోలో పైలటుకు దారి చెప్పేది వారే. దానికీ వైద్య పరీక్ష ఉన్నది గాని పద్ధతి వేరు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకముగా ఒక మాట. మన దేశములో పైలట్లలో నూటికి సుమారు 15 మంది స్త్రీలు. ప్రపంచపు సగటు కంటె ఇది ఎంతో ఎక్కువ. ప్రేమ్ మాథుర్‌ను తిప్పివేసిన కాలము పోయినది. కొడుకైతే పొలము అమ్మవచ్చును, కూతురైతే పెండ్లికి ఉంచవలెననే లెక్క ఇంకా మన ఇండ్లలో ఉంటే, దానిని మార్చుకొనుటకు ఇదొక సందర్భము.

వరుసగా చెప్పవలెనంటే

మొదట పత్రములలో పేర్లు సరిచేయించండి. పిమ్మట రెండవ తరగతి వైద్య పరీక్ష, వెనువెంటనే మొదటి తరగతి పరీక్ష చేయించండి. ఆ తరువాత ఇంట్లోనే చదివించి రెండు మూడు పేపర్లు వ్రాయించండి. ఈ పనులకు ఒక సంవత్సరము పట్టనీయండి; పిల్లవానికి పదునెనిమిదో పంతొమ్మిదో ఏడు వస్తుంది, అంతకు మించి నష్టము లేదు. ఆ తరువాత రెండు మూడు బళ్ళు కండ్లారా చూచి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఉద్యోగము రెండేండ్లు ఆలస్యమైతే గడిచేది ఎట్లా అని కాగితము మీద వేసుకొని, అప్పుడు కట్టండి. నెలాఖరులోగా కట్టకపోతే సీటు పోతుందని తొందరపెట్టేవారిని చూచి భయపడవద్దు. డబ్బు పుచ్చుకొనే సీటు వచ్చే నెలలోనూ ఉంటుంది.

పిల్లవాడు ఏ మెట్టుమీదనైనా ఆగిపోతే వానిని తక్కువ చేసి మాట్లాడవద్దు. రంగు తెలియని కన్ను వాని తప్పు కాదు. ఎవరిని పైకి పంపవలెనో, ఎవరిని నేలమీద ఉంచవలెనో నిక్కచ్చిగా తేల్చే పరీక్షలు ఉన్నందుననే మనము నిశ్చింతగా విమానము ఎక్కి కూర్చొని కునుకు తీయగలుగుతున్నాము.

ఈ విషయమై ఇంకా సందేహములు ఉన్నవారు మన పత్రిక పేర ఒక కార్డు వ్రాస్తే తెలిసినంతలో సమాధానము చెప్పగలము. వచ్చే నెల ఈ శీర్షిక క్రింద విమానములను మరమ్మత్తు చేసే ఇంజనీరు చదువును గురించి ముచ్చటించుకొందాము.